కొత్త మూత్రాశయం ‘మామూలుగానే’ పనిచేస్తుందా?

సంపాదకులు గారికి,

అయ్యా,

మూత్రాశయ క్యాన్సరు చికిత్సల గురించి ఇటీవల మీ పత్రిక ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. వ్యాధి లక్షణాలనూ శస్త్రచికిత్స విధానాన్నీ అందులో చక్కగానే వివరించారు. అయితే చివరి పేరాలో, మూత్రాశయాన్ని తీసివేసిన తరువాత చిన్నపేగు ముక్కతో కొత్తది తయారుచేసి అమరుస్తారనీ, దానితో రోగి మామూలుగానే మూత్ర విసర్జన చేయగలడనీ రాశారు. ఆ ‘మామూలుగానే’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. 2018 మార్చి నుంచి నా కడుపులో ఉన్నది అటువంటి మూత్రాశయమే. ఆ ఒక్క మాటను అక్షరాలా నమ్మి నేను పడిన అవస్థ మరొకరు పడకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను వైద్యుణ్ణి కాను. ఇక్కడి ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ముప్పై ఏళ్లు సిగరెట్లు తాగాను. మూత్రంలో నొప్పి లేకుండా రక్తం పడి రెండు రోజుల్లో తగ్గిపోతే, వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకున్నాను. మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగాకే కారణమని అప్పటికి నాకు తెలియదు. క్యాన్సరు మూత్రాశయం గోడలోని కండరం పొరలోకి దిగిందని తేలాక, మూత్రాశయంతో పాటు ప్రొస్టేటు గ్రంథిని కూడా తీసివేశారు. నాకు ఆపరేషన్ చేసిన డాక్టరు గారి చేతి నైపుణ్యానికి ఈనాటికీ నమస్కరిస్తాను. నా ఫిర్యాదు ఆపరేషన్ గురించి కాదు, ఆ తరువాత నాకు ఎవరూ చెప్పని విషయాల గురించి.

మూత్రాశయం తీసేశాక మూత్రం బయటికి పోవడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. చిన్నపేగులో ఒక జానెడు ముక్క తీసుకుని, మూత్రపిండాల నుంచి వచ్చే గొట్టాలను దానికి కలిపి, రెండో కొసను పొట్ట మీదికి తెచ్చి అక్కడ సంచి అతికించడం మొదటిది. అమెరికాలో బ్రికర్ అనే సర్జను 1950లో ప్రచురించిన ఈ పద్ధతి ఈనాటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. రెండోది, నాకు చేసినది. దీనికి పేగు చాలా ఎక్కువ కావాలి, సుమారు 40 నుంచి 60 సెంటీమీటర్లు. దానితో ఒక సంచిలా కుట్టి, పాత మూత్రాశయం ఉన్నచోటే ఉంచి, కింద సహజమైన మూత్రమార్గానికి కలుపుతారు. దీనినే నియోబ్లాడర్ అంటున్నారు. పొట్ట మీద సంచిలోకే మూత్రం పోవడాన్ని మీ వ్యాసం ఏదో తక్కువ రకం బతుకన్నట్టు సూచించింది. దానితో నేను ఏకీభవించను. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికీ, మూత్రమార్గం దాకా క్యాన్సరు వచ్చినవారికీ, తమంతట తాము గొట్టం వేసుకునే ఓపికగానీ చేతి నేర్పుగానీ లేనివారికీ సంచే మేలైన దారి. దానితో సుఖంగా పొలం పనులు చేసుకుంటున్న మనిషిని ఓపీ బెంచీ మీద నా పక్కనే చూశాను.

పేగుతో కుట్టిన సంచి మూత్రాశయంలా ఎందుకు ప్రవర్తించదో నాకు పాఠం చెప్పే అలవాటు వల్లనే తెలిసివచ్చింది. పేగు ఒక గొట్టం. దాని గోడలో ఉన్న కండరాలు ఒకదాని తరువాత ఒకటి ముడుచుకుంటూ లోపలి పదార్థాన్ని ముందుకు నెడుతూ ఉంటాయి. ఫ్రాన్సులో మోరిస్ కామే అనే సర్జను తొలినాళ్లలో పేగును కోయకుండా గొట్టంగానే వంచి అమర్చారు. ఆ గొట్టం తన అలవాటు ప్రకారం ముడుచుకున్నప్పుడల్లా లోపలి ఒత్తిడి పెరిగి, ముఖ్యంగా రాత్రిళ్లు, మూత్రం బయటికి వచ్చేది. పేగును నిలువునా కోసి, పరచి, మడతలు పెట్టి కుడితే ఆ ముడుచుకునే బలం చెదిరిపోయి ఒత్తిడి తగ్గుతుందని స్వీడన్‌కు చెందిన నిల్స్ కాక్ చూపించారు. తరువాత జర్మనీలోని ఉల్మ్‌లో హౌట్‌మాన్, స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో స్టూడర్ రూపొందించిన పద్ధతులు ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి.

తరగతిలో అయితే ఈ లెక్కను నల్లబల్ల మీద వేసేవాణ్ణి. 40 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో సుమారు 280 మిల్లీలీటర్లు పడతాయి. పైజామా కాలు కుట్టు విప్పినట్టు ఆ గొట్టాన్ని నిలువునా విప్పి, సగానికి మడిచి, అంచులు కలిపి మళ్లీ కుట్టండి. పొడవు 20కి తగ్గుతుంది, వ్యాసం 6కి పెరుగుతుంది. వాడిన గుడ్డ అంతే, పట్టేది మాత్రం రెట్టింపు. పైగా గోడలో బిగువు సమానంగా ఉన్నప్పుడు వ్యాసం పెరిగేకొద్దీ లోపలి ఒత్తిడి తగ్గుతుంది. అందుకే సర్జన్లు సంచిని వీలైనంత గుండ్రంగా వచ్చేటట్టు కుడతారు. ఇంత తెలివిగా కుట్టిన సంచి కూడా మొదట్లో 150 మిల్లీలీటర్లకు మించి పట్టదు. నెలల తరబడి మెల్లమెల్లగా సాగి 400, 500 దాకా వస్తుంది.

అయితే ఈ సంచికి రెండు పనులు చేతకావు. నిండినట్టు మెదడుకు కబురు పంపలేదు, తనంతట తాను ముడుచుకుని ఖాళీ కాలేదు. సహజమైన మూత్రాశయం చేసేవి ఈ రెండే కదా! ఆపరేషనైన మూడు వారాల తరువాత, అంతవరకు మూత్రం పోవడానికి పెట్టి ఉంచిన గొట్టాన్ని, అంటే క్యాథెటర్‌ను, తీసివేసి ‘ఇక వెళ్లి పోయండి మాస్టారూ’ అన్నారు. యాభై ఎనిమిదేళ్లుగా నిలబడినట్టే వెళ్లి నిలబడ్డాను. పావుగంట నిలబడినా చుక్క రాలేదు. బయట నా భార్య, నా పెద్ద కొడుకు, మరో ఇద్దరు రోగుల బంధువులు ఎదురుచూస్తున్నారు. చెమటలు పట్టి బయటికి వచ్చిన నన్ను చూసి, వార్డు తుడుస్తున్న ఆయా చీపురు గోడకు ఆనించి, ‘మాస్టారూ, నిలబడితే రాదండి. కూకోండి. కూకోని ముందుకొంగి, కింద వదిలేసి, పొట్టతో నొక్కండి’ అంది. అంతకుముందు ఎంతమందిని చూసిందో ఆ తల్లి! ఆమె చెప్పినట్టే చేశాను, వచ్చింది. ఆమె చెప్పినది అక్షరాలా వైద్యశాస్త్రమే. ఈ సంచికి సొంతంగా నెట్టే బలం లేదు గనుక, కింద మూత్రమార్గాన్ని మూసి ఉంచే బిగువు కండరాన్ని ముందుగా సడలించి, ఆ తరువాత కడుపు కండరాలతో ముక్కి, అవసరమైతే అరచేతితో పొత్తికడుపును అదిమి ఖాళీ చేయాలి. కింద బిగించుకుని పైన ముక్కితే ఫలితం ఉండదు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే ఎవరైనా రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆ పావుగంట సిగ్గు నాకు తప్పేది.

నిండినట్టు తెలియదు కాబట్టి గడియారమే గతి. పగలు రెండు గంటలకొకసారి, రాత్రి అలారం పెట్టుకుని మూడు గంటలకొకసారి లేవమన్నారు. సంచి సాగేకొద్దీ ఆ వ్యవధిని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ మూడు, నాలుగు గంటలకు తేవాలి. మా ఇంట్లో పాత హాజరు పట్టీ ఒకటి ఉంటే, పిల్లల పేర్ల గడుల్లో వేళలు రాసి, ఎదురుగా ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో కొలత మగ్గుతో కొలిచి రాసేవాణ్ణి. మొదటి వారం అన్నీ 100, 120, 90. ఆరో నెలకు 350 అని రాసిన రోజున నా భార్య పాయసం చేసింది. రాత్రి రెండింటికి అలారం మోగగానే ‘ఏవండీ, గంట కొట్టేశారు, లేవండి’ అని లేపేది. జీవితమంతా బడి గంటకు లేచినవాణ్ణి కాబట్టి నాకు ఇది పెద్ద శిక్ష అనిపించలేదు గానీ, ఆమెకు ఎనిమిది నెలలు సరైన నిద్ర లేదు.

ఎక్కువసేపు పట్టుకోగలిగితే గొప్ప అనుకోవద్దని కూడా ఇక్కడే చెప్పాలి. ఒక పెళ్లిలో మొహమాటపడి ఐదు గంటలకు పైగా లేవలేదు. అలా చేయకూడదు. సంచి పదేపదే అతిగా సాగితే సడలిపోతుంది. సడలిన సంచి పూర్తిగా ఖాళీ కాదు, లోపల మిగిలిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, రాళ్లు కూడా పడవచ్చు. అరుదుగానైనా మరీ నిండిన సంచి చిట్లిపోయే ప్రమాదం ఉంది. అందుచేత ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చి మూత్రం రాకపోతే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఆడవాళ్లలో కొందరికి కష్టం ఇంకో వైపు నుంచి వస్తుంది. మూత్రం కారిపోవడం కాక, అసలు రాకుండా ఆగిపోతుంది. విజయనగరం వైపు నుంచి వచ్చే ఒకావిడ రోజుకు నాలుగు సార్లు సన్నని గొట్టం తానే వేసుకుని ఖాళీ చేసుకుంటానని, కూరగాయలు తరిగే పనిలా చెప్పింది. ఆమె ధైర్యం చూశాక నా అలారం గురించి మళ్లీ సణగలేదు.

పగలు ఆరు నెలలకే నాకు తడి ఆగింది. రాత్రి తడి ఆగడానికి ఏడాదిన్నర పట్టింది, ఇప్పటికీ బాగా అలసి పడుకున్న రాత్రి ఒక చుక్క పడుతుంది. చాలామందిలో జరిగేది ఇదే. సహజమైన మూత్రాశయం నిండుతున్నప్పుడు వెన్నుపాముకు సంకేతం వెళ్లి, మనం నిద్రలో ఉన్నా కింది కండరం బిగుసుకుంటుంది. పేగు సంచికి ఆ నరాల బంధం లేదు. మెలకువగా ఉన్నంతసేపు మనం బిగించి ఉంచే కండరం నిద్రలో వదులవుతుంది. ఇది చాలదన్నట్టు, మూత్రం చిక్కగా ఉంటే పేగు గోడ తనలోంచి నీటిని సంచిలోకి వదులుతుంది. కాబట్టి రాత్రి తడుస్తుందని పగలంతా నీళ్లు మానుకోవడం ఎదురు దెబ్బే తప్ప ఉపాయం కాదు. మన విశాఖ ఉక్కపోతలో చెమటకే సగం నీరు పోతుంది, ఇక తాగడం కూడా మానేస్తే చెప్పేదేముంది! కింది కండరాన్ని రోజుకు అనేకసార్లు బిగించి వదిలే కసరత్తును మాత్రం శ్రద్ధగా చేయాలి. దానిని ఆపరేషన్‌కు ముందే నేర్చుకుంటే మంచిదట. నాకు చెప్పినది నాలుగో నెలలో.

పేగుకు తన వృత్తి మరవడం తెలియదు. దానిని ఎక్కడ కుట్టినా జిగట స్రవిస్తూనే ఉంటుంది, తనలో ఉన్నదాన్ని పీల్చుకుంటూనే ఉంటుంది. ఈ రెండు విషయాలు తెలియక నేను చాలా డబ్బూ, అంతకంటే ఎక్కువ మనశ్శాంతీ పోగొట్టుకున్నాను.

మొదటిది జిగట. మూత్రంలో సగ్గుబియ్యం జావలాంటి తెల్లని పోగులు వస్తాయి. క్యాథెటర్ ఉన్న రోజుల్లో పెద్ద సిరంజితో సెలైన్ లోపలికి పంపి, మెల్లగా వెనక్కి లాగి ఆ పోగులను కడగాలి. లేకపోతే గొట్టం మూసుకుపోతుంది. ఆ పనిని నా భార్య నర్సులకంటే నేర్పుగా చేసేది. క్యాథెటర్ తీశాక కూడా పోగులు పడుతుంటే, చీము పడుతోందని భయపడి మా వీధి చివరి క్లినిక్‌కు వెళ్లాను. మూత్ర పరీక్షలో సూక్ష్మజీవులు, చీము కణాలు ఉన్నాయని యాంటీబయాటిక్ రాశారు. అది అయ్యాక మళ్లీ పరీక్ష, మళ్లీ అదే ఫలితం, మరో మందు. మూడు విడతలు మింగాను. నోరంతా పుండ్లు పడ్డాయి. ఆ తరువాత మా యూరాలజిస్టు, అంటే మూత్ర సంబంధ వ్యాధుల వైద్యుడు, చెప్పారు: పేగు సంచిలో సూక్ష్మజీవులు కనిపించడం చాలామందిలో ఉండేదే, జ్వరం, చలి, నడుము పక్కన నొప్పి వంటి బాధలు లేనప్పుడు కేవలం ఆ కాగితం చూసి మందు వేయకూడదని. ఆ క్లినిక్ డాక్టరును తప్పుపట్టలేను, ఎందుకంటే నా కడుపులో ఉన్నది పేగు అని ఆయనకు చెప్పాలని నాకు తెలియదు.

రెండోది, పీల్చుకోవడం. మూడో నెలలో నాకు అన్నం సహించడం మానేసింది. ఆవకాయ వాసనకు కూడా డోకు వచ్చేది. నాలుగు మెట్లు ఎక్కితే కూలబడిపోయేవాణ్ణి. ఐదు కిలోలు తగ్గాను. క్యాన్సరు తిరగబెట్టిందని ఇంట్లో అందరూ నిశ్చయించుకుని, నా ఎదుట నవ్వుతూ వంటింట్లో ఏడ్చేవారు. సీటీ స్కాన్‌లో ఏమీ లేదు. చివరికి ఒక జూనియర్ డాక్టరు రక్తంలో లవణాలు పరీక్ష చేయించారు. బైకార్బనేటు బాగా తగ్గి, క్లోరైడు పెరిగి ఉంది. మూత్రం సంచిలో నిలవ ఉన్న ఆ రెండు మూడు గంటల్లో పేగు గోడ అందులోని అమ్మోనియంనూ క్లోరైడునూ తిరిగి రక్తంలోకి పీల్చుకుంటుంది, బైకార్బనేటును వదులుకుంటుంది. దానితో రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. మూత్రపిండాలు బాగున్నవారు చాలావరకు తట్టుకుంటారు గానీ, అందరికీ అది సాధ్యం కాదు. దీర్ఘకాలం ఇలాగే ఉంటే ఆ ఆమ్లాన్ని సరిదిద్దడానికి ఎముకల్లోని సున్నం ఖర్చవుతుంది. నాకు ఇచ్చిన మందు ఖరీదైనదేమీ కాదు, సోడియం బైకార్బనేటు మాత్రలు. పది రోజులు తిరగకుండానే ఆవకాయ కలుపుకుని రెండోసారి అన్నం వడ్డించమన్నాను. అంతకుముందు స్కాన్లకూ, టానిక్కులకూ పెట్టిన ఖర్చు తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

బి12 విటమిన్ సంగతి కూడా ఇటువంటిదే. దానిని పీల్చుకునేది చిన్నపేగు చిట్టచివరి భాగం. ఆ కొసను వదిలేసి పై భాగాన్నే సర్జన్లు తీసుకుంటారు. అయినా కొందరిలో కొన్నేళ్లకు బి12 తగ్గుతుంది. శరీరంలో దాని నిల్వలు కొన్నేళ్లకు సరిపడా ఉంటాయి కాబట్టి లోటు వెంటనే బయటపడదు, కాళ్ల తిమ్మిర్లు వచ్చాక పరుగెత్తడం కంటే ఏడాదికొకసారి చూపించుకోవడం తేలిక. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, లవణాలు, మూత్రపిండాల అల్ట్రాసౌండు కూడా ఆ వరుసలోవే. ఇవి క్యాన్సరు తిరిగి వచ్చిందేమోనని చేసే స్కాన్లకు అదనం. ఐదేళ్లు దాటితే క్యాన్సరు భయం తగ్గుతుంది గానీ, సంచి ఉన్నన్నాళ్లూ ఈ పరీక్షలు తప్పవు.

ఇంత చెప్పాక, ఈ మూత్రాశయంతో బతకడం కష్టమని నేను అంటున్నట్టు పాఠకులు అనుకోకూడదు. రెండో ఏడు ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేశాను. 32 కిలోమీటర్లు. హనుమంతవాక దగ్గర ఒక శిష్యుడి ఇంట్లో, మాధవధారలో మా వియ్యంకుల ఇంట్లో, మధ్యలో మరో రెండు చోట్ల ముందుగానే చెప్పి ఉంచుకుని, గడియారం చూసుకుంటూ, దారిలో ఇచ్చిన మజ్జిగా నీళ్లూ తాగుతూ తెల్లవారుజాముకు పూర్తిచేశాను. తెలిసిన ఇళ్లు లేని ఊళ్లకు ప్రయాణమే కష్టం. కూర్చుని, ముందుకు వంగి, తొందర లేకుండా ఐదు నిమిషాలు గడపగలిగిన శుభ్రమైన మరుగుదొడ్డి బస్టాండుల్లో దొరకడం ఎంత అరుదో మీ విలేకరులు నాకంటే బాగా రాయగలరు.

నా విన్నపం రెండు భాగాలు. మీ పత్రికకు: ఆ వ్యాసానికి కొనసాగింపుగా, పేగుతో కట్టిన మూత్రాశయం ఎలా పనిచేస్తుందో ఒక యూరాలజిస్టు చేత రాయించండి. అందులో ‘మామూలుగానే’ అన్న మాట వాడవద్దు. ఈ ఆపరేషన్లు చేసే మన నగరంలోని ఆసుపత్రులకు, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా: కత్తి పట్టడానికి ముందే రోగినీ, అతని ఇంటి మనిషినీ కూర్చోబెట్టి అరగంట చెప్పించండి. వీలైతే అప్పటికే ఈ సంచితో ఏడాది గడిపిన రోగి చేత చెప్పించండి. పిలిస్తే నేను వస్తాను, మరో నలుగురిని వెంటబెట్టుకుని వస్తాను.

డిశ్చార్జి రోజున నాకు ఇచ్చిన ఏడు పేజీల కాగితాలూ ఇంగ్లీషులో ఉన్నాయి. మూత్రం గురించి అందులో ఉన్నది ఒక్క పంక్తి. దాని స్థానంలో తెలుగులో ఒక్క పేజీ ఇస్తే చాలు: కూర్చుని పోయాలి, ఇన్ని గంటలకు లేవాలి, ఇన్ని నీళ్లు తాగాలి, పోగులు పడితే భయపడవద్దు, అన్నం సహించకపోతే రక్తంలో లవణాలు చూపించాలి, జ్వరం వస్తే ఫలానా నంబరుకు ఫోను చేయాలి. దానితో పాటు జేబులో పట్టే చిన్న కార్డు మీద, ఈ మనిషి మూత్రాశయం పేగుతో చేసినది అని రాసి ఇవ్వాలి, మా వీధి చివరి డాక్టరు గారు కూడా చదువుకునేందుకు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మద్దిలపాలెం, విశాఖపట్నం